నవ్వెంత, దెబ్బెంత: 1980ల హాంకాంగ్ యాక్షన్ కామెడీల్లో మీకు ఏది నప్పుతుంది?

"పాత జాకీ చాన్ సినిమా ఏదైనా పెట్టు" అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. రిమోట్ చేతిలో ఉన్నవాళ్లకి అక్కడే టెన్షన్ మొదలవుతుంది. 1980లలో హాంకాంగ్‌లో వచ్చిన యాక్షన్ కామెడీలు పదుల్లో ఉన్నాయి. పోస్టర్లు చూస్తే ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలీదు. అన్నీ బాగుంటాయని చెప్పేవాళ్లే ఎక్కువ. పక్కన అమ్మా, ఎనిమిదేళ్ల పిల్లాడూ కూర్చున్నప్పుడు ఏది పెట్టాలో చెప్పరు.

ఈ సినిమాలను నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. వీటిలో ఏది గొప్పది అని వెతికితే తేలదు. నవ్వూ దెబ్బా ఏ పాళ్లలో కలిశాయో చూసుకుంటే మాత్రం ఎంపిక చాలా సులువవుతుంది. అందుకే ఐదు సినిమాలు తీసుకుని అలా పోల్చాను: ప్రాజెక్ట్ ఏ (1983), వీల్స్ ఆన్ మీల్స్ (1984), పోలీస్ స్టోరీ (1985), మిస్టర్ వాంపైర్ (1985), యెస్ మేడమ్ (1985). ఏదీ రెండు గంటలు దాటదు కాబట్టి భోజనాలయ్యాక మొదలుపెట్టినా పన్నెండు కొట్టేలోపు పడుకోవచ్చు.

ముందు ఏం చూసుకోవాలి

మొదట, నవ్వూ దెబ్బా కలిసిన తీరు. కొన్ని సినిమాల్లో ఈ రెండూ పులిహోరలో పులుపూ కారంలా కలిసిపోయి ఉంటాయి, విడదీయలేం. కొన్నింట్లో అన్నం ఒక గిన్నెలో, కూర ఒక గిన్నెలో ఉన్నట్టు కాసేపు కామెడీ, కాసేపు ఫైట్ నడుస్తాయి. మొదటి రకం ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది. రెండో రకం ఫైట్ల మీద ప్రత్యేకంగా ఇష్టం ఉన్నవాళ్లకి బాగుంటుంది, మిగతావాళ్లు మధ్యలో ఫోన్ తీస్తారు.

తర్వాత మాట సంగతి. హాంకాంగ్‌వాళ్లు మాట్లాడే కాంటోనీస్ భాషలోని హాస్యంలో పదాలతో ఆడే ఆట ఎక్కువ. జంధ్యాల సినిమాని సబ్‌టైటిల్స్‌తో ఒక చైనా కుటుంబానికి చూపిస్తే ఎంత మిగులుతుందో, ఇక్కడా అంతే మిగులుతుంది. కాబట్టి సబ్‌టైటిల్స్ చదవలేని పెద్దవాళ్లూ పిల్లలూ ఉన్న ఇంట్లో, ఒంటితో నవ్వించే సినిమానే ఎంచుకోవాలి.

దెబ్బ బరువు కూడా చూసుకోవాలి. ఈ సినిమాల్లో కింద పడే మనిషి నిజంగానే పడతాడు. ఆ పడటం చూసి నవ్వొస్తుందా, కడుపులో తిప్పుతుందా అన్నది చూసేవాళ్ల మనసుని బట్టి ఉంటుంది. ఇక ఓపిక: దాదాపు అన్నింట్లోనూ కథ ఎక్కడో ఒకచోట చతికిలబడుతుంది. ఎక్కడో ముందే తెలిస్తే తట్టుకోవచ్చు.

అందరూ ఒకే బడి పిల్లలు

పోలికకి ముందు ఒక్క విషయం చెప్పాలి, ఎందుకంటే ఈ సినిమాలు ఇలా ఉండటానికి అసలు కారణం అదే. జాకీ చాన్, సామో హంగ్, యుయెన్ బియావో ముగ్గురూ హాంకాంగ్‌లో యూ జిమ్-యుయెన్ అనే గురువు నడిపిన పీకింగ్ ఆపెరా (పాటా, సాము కలిసిన చైనా నాటకం) బడిలో పెరిగారు. చిన్నప్పుడే అక్కడ చేర్చేవాళ్లు, ఏళ్ల తరబడి అక్కడే తిండీ నిద్రా. పాట, పిల్లిమొగ్గలు, కర్రసాము, తలకిందులుగా చేతుల మీద నిలబడటం, తప్పు చేస్తే బెత్తం దెబ్బలు. గురువు పేరులోని 'యుయెన్'నే చాలామంది శిష్యులు తమ పేరుగా పెట్టుకున్నారు. యెస్ మేడమ్ దర్శకుడు కోరీ యుయెన్ ఆ బడివాడే. మిస్టర్ వాంపైర్‌లో శవం వేషం వేసిన యుయెన్ వా కూడా ఆ బడివాడే. ఆ సినిమా నిర్మాత సామో హంగ్.

అంటే అవతలివాడి కాలు ఎంత ఎత్తుకి, ఎంత వేగంతో వస్తుందో వీళ్లకి పదేళ్ల వయసు నుంచే తెలుసు. మన సురభి కుటుంబాల్లో పిల్లలు స్టేజీ మీదే పెరిగినట్టు వీళ్లూ పెరిగారు. ఆ టైమింగ్ డూప్‌తో రాదు, ఎడిటింగ్‌తోనూ రాదు.

ప్రాజెక్ట్ ఏ: ఎటూ తేల్చుకోలేకపోతే ఇదే

బ్రిటిష్ పాలన నాటి హాంకాంగ్. సముద్రపు దొంగల్ని పట్టుకోవాల్సిన కోస్ట్‌గార్డ్ పోలీసులకీ, ఊళ్లోని పోలీసులకీ పడదు. దర్శకుడు జాకీ చానే. ముగ్గురు స్నేహితులూ ఉన్నారు.

ఇందులో ఒక బార్ గొడవ ఉంది. జాకీ, యుయెన్ బియావో ఎదురెదురుగా నిలబడి ఒకరి మీద ఒకరు కుర్చీలు విరగ్గొట్టుకుంటారు. ఇద్దరూ ఏమీ జరగనట్టు, దులుపుకున్నట్టు, మీసం మెలేసినంత ధీమాగా నిలబడతారు. ఆ తర్వాత ఒకరికి ఒకరు కనపడని చోటికి తప్పుకుని మొహాలు వంకర్లు తిప్పుకుంటూ గిలగిల్లాడిపోతారు. మా అమ్మకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవడం రాదు. ఆ సీన్‌కి ఆవిడ నవ్వినంత గట్టిగా మా ఇంట్లో ఇంకెవరూ నవ్వలేదు. మాట అక్కర్లేని నవ్వు అంటే నా లెక్కలో అది.

ఇరుకు సందుల్లో సైకిల్ మీద సాగే ఛేజ్ కూడా అంతే. తలుపులు, నిచ్చెనలు, గోడల మధ్య సందు, దొరికిన ప్రతిదీ ఆయుధమే. దాని తర్వాత వచ్చేదే అందరూ చెప్పుకునే క్లాక్ టవర్ సీన్. చేతులకి బేడీలతో జెండా కర్ర ఎక్కి, అక్కణ్ణుంచి గడియారం దగ్గరికి దూకి, చివరికి ముల్లు పట్టుకుని వేలాడి, పట్టు జారి కింద పడతాడు. దారిలో రెండు గుడ్డ పందిళ్లు చిరుగుతాయి, ఆ తర్వాత నేల. 1923 నాటి ఒక అమెరికన్ మూకీ సినిమాలో హెరాల్డ్ లాయిడ్ గడియారపు ముల్లుకి వేలాడాడు, ఇది ఆయనకి జాకీ పెట్టిన దండం. లాయిడ్ పడలేదు, జాకీ పడ్డాడు. ఆ పడటాన్ని రెండు వేర్వేరు టేకుల్లో, ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తారు. తల వాల్చి నేలకి తగిలిన ఆ క్షణం చూసి పిల్లలు అడిగే మొదటి ప్రశ్న "నిజంగానే పడ్డాడా?" అని. అవునని చెప్పండి, చెప్పాక ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడదని కూడా చెప్పండి.

ఓపిక కావాల్సింది మధ్యలో, పోలీసుల్లోనే దొంగలకి తుపాకులు అమ్మే వాళ్ల కథ నడిచేటప్పుడు. అది కాస్త చిక్కుగా ఉంటుంది, పట్టించుకోకపోయినా నష్టం లేదు. చివర్లో ముగ్గురూ కలిసి దొంగల నాయకుడి మీద పడినప్పుడు మళ్లీ ఊపు వస్తుంది.

పోలీస్ స్టోరీ: దెబ్బ పాలు పెరిగింది

అదే దర్శకుడు, రెండేళ్ల తేడా. అమెరికాలో చేసిన సినిమా తన పద్ధతిలో రాలేదని అసంతృప్తితో తిరిగొచ్చి జాకీ తీసిన సినిమా ఇది. ఆ కసి తెరమీద కనిపిస్తుంది. మొదటి పావుగంటలోనే కొండవాలు గుడిసెల మీదుగా కార్లు కిందికి దూసుకొస్తాయి. తర్వాత పారిపోతున్న డబుల్ డెక్కర్ బస్సుకి గొడుగు వంకీ తగిలించి వేలాడతాడు. చివరి ఫైట్ ఒక షాపింగ్ మాల్‌లో. అక్కడ ఎన్ని అద్దాలు పగిలాయంటే, యూనిట్‌లో వాళ్లు ఈ సినిమాని 'గ్లాస్ స్టోరీ' అని పిలుచుకున్నారు. పై అంతస్తు నుంచి, దీపాలు చుట్టిన నిలువు స్తంభం మీదికి దూకి కిందిదాకా జారతాడు. ఆ దీపాల వేడికి అతని చేతులు కాలాయి. 1986లో హాంకాంగ్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ చిత్రం ఇదే.

నవ్వు ఇందులో తక్కువేం కాదు, కానీ ఎక్కువగా మధ్య గంటలో వస్తుంది. మారుమూల పోలీస్ స్టేషన్‌లో ఒక్కడే ఉండగా నాలుగైదు ఫోన్లు ఒకేసారి మోగుతాయి. రిసీవర్లు మెడకీ చేతులకీ చుట్టుకుని, ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరికి చెబుతూ, మధ్యలో పెన్సిళ్లతో నూడుల్స్ తింటాడు. ఒక్క గదిలో, ఒక్క మనిషితో తీసిన ఆ సీన్ నాకు మాల్ ఫైట్ కంటే ఎక్కువ ఇష్టం.

ఇబ్బంది ఎక్కడంటే, మ్యాగీ చ్యుంగ్ వేసిన ప్రియురాలి పాత్ర దగ్గర. ఆమెని మాటిమాటికీ అపార్థం చేసుకోవడానికీ, మొహాన కేకు కొట్టించుకోవడానికీ, కింద పడటానికీ వాడుకున్నారు. అంత మంచి నటికి అది అన్యాయం. ఇప్పటి అమ్మాయిలతో కలిసి చూస్తుంటే ఆ సీన్లు గుచ్చుకుంటాయి, గుచ్చుకోవాలి కూడా. చివర్లో హీరో చట్టాన్ని పక్కనపెట్టి చేతులకి పని చెబుతాడు. పదేళ్లు దాటిన పిల్లలతో చూస్తే అది తప్పా ఒప్పా అని మాట్లాడుకోవడానికి బాగుంటుంది. అంతకంటే చిన్నపిల్లలతో అయితే నేను ప్రాజెక్ట్ ఏనే పెడతాను.

వీల్స్ ఆన్ మీల్స్: ఒక్క ఫైట్ కోసం

దర్శకుడు సామో హంగ్. ముగ్గురూ కలిసి స్పెయిన్ వెళ్లి బార్సిలోనాలో తీశారు. జాకీ, యుయెన్ బియావో అక్కడ వ్యాన్‌లో తిండి అమ్ముకునే కుర్రాళ్లు. జాకీ స్కేట్‌బోర్డు మీద తిరుగుతూ ఆర్డర్లు తీసుకుంటాడు. 'మీల్స్ ఆన్ వీల్స్' అని ఉండాల్సిన ఈ పేరు తలకిందులుగా ఎందుకు ఉందంటే, 'ఎమ్' అక్షరంతో మొదలైన సినిమాలు తమకి అచ్చిరావడం లేదని నిర్మాణ సంస్థ గోల్డెన్ హార్వెస్ట్ వాళ్లు 'మీల్స్'ని వెనక్కి నెట్టారని చెబుతారు. పేరులో అక్షరం కలిపి, తీసి విడుదల చేసే మన సినిమావాళ్లకి ఇది కొత్తగా ఏమీ అనిపించదు.

నిజం చెప్పాలంటే మొదటి గంట వదులుగా ఉంటుంది. ఎండ, వీధులు, కుర్రాళ్ల అల్లరి. హాయిగానే ఉంటుంది గానీ కథ కదలదు. మానసిక రోగుల ఆసుపత్రిలో పెట్టిన జోకులు ఇప్పుడు నవ్వు తెప్పించవు.

కానీ చివర్లో కోటలో జాకీకీ, బెన్నీ ఉర్కిడెజ్‌కీ జరిగే ఫైట్ ఉంది. ఉర్కిడెజ్ నిజంగా కిక్‌బాక్సింగ్ ఛాంపియన్. బల్ల మీద వరసగా కొవ్వొత్తులు వెలుగుతుంటాయి. అతను గిర్రున తిరిగి విసిరిన కాలు ఎవరికీ తగలదు, దాని గాలికే కొవ్వొత్తులు ఆరిపోతాయి. జాకీ మొహంలో ఒక్క క్షణం భయం కనిపిస్తుంది. తర్వాత అతను చేసేది గమనించండి: చొక్కా చేతులు సర్దుకుని, భుజాలు వదులు చేసుకుని, ఇదేదో పొద్దున చేసే కసరత్తు అన్నట్టు తేలిగ్గా మొదలుపెడతాడు. అక్కణ్ణుంచి ఇద్దరి లయ మారిపోతుంది. హాంకాంగ్ సినిమాలో ఇద్దరు మనుషుల మధ్య ఇంతకంటే మంచి ఫైట్ నేను చూడలేదు.

మార్షల్ ఆర్ట్స్ నేర్చుకుంటున్నవాళ్లూ, ఫైట్ మాస్టర్ల పని మీద ఆసక్తి ఉన్నవాళ్లూ ఇది తప్పక చూడాలి. మిగతావాళ్లు దీన్ని రెండో సినిమాగా పెట్టుకోవడం మంచిది.

మిస్టర్ వాంపైర్: దెయ్యాల కథ ఇష్టమైతే

జాకీ లేడు. అయినా ఈ ఐదింట్లో నేను ఎక్కువసార్లు చూసింది ఇదే. దర్శకుడు రికీ లావు. కలిసిపోయిన కనుబొమలతో, ఎప్పుడూ చిరాగ్గా ఉండే భూతవైద్యుడిగా లామ్ చింగ్-యింగ్, ఇద్దరు తెలివితక్కువ శిష్యులు. ఒక ధనవంతుడి తండ్రి శవాన్ని సమాధి తవ్వి బయటికి తీస్తే, అది ఏళ్లు గడిచినా కుళ్లలేదు. గొడవ అక్కడ మొదలు.

ఈ శవాలు నడవవు, గెంతుతాయి. ఒళ్లు బిగుసుకుపోయి మోకాలు వంగదు కాబట్టి గెంతడమే. దూరదేశంలో చనిపోయినవాళ్ల శవాల్ని మంత్రంతో సొంత ఊరికి నడిపించుకెళ్తారన్న చైనా జానపద కథల నుంచి వచ్చిన ఊహ ఇది. వాటికి ఒక పద్ధతి ఉంది: ఊపిరిని బట్టి మనిషిని పసిగడతాయి, కాబట్టి ఊపిరి బిగబట్టాలి. నుదుటి మీద మంత్రం రాసిన పసుపు కాగితం అంటిస్తే ఆగిపోతాయి. విషానికి విరుగుడు జిగురు బియ్యం. ఈ పద్ధతులన్నీ మొదట్లోనే చెప్పేసి, తర్వాత ఒక్కోదాన్నీ ఎలా చెడగొట్టొచ్చో చూపిస్తారు. బియ్యం కొట్టువాడు జిగురు బియ్యంలో మామూలు బియ్యం కలిపి అమ్ముతాడు. కల్తీ సరుకు వల్ల ప్రాణం మీదికి రావడం మనకి ఏ అనువాదం లేకుండానే అర్థమయ్యే జోకు.

గురువూ శిష్యుడూ మొదటిసారి కాఫీ తాగే సీన్ కూడా అలాంటిదే. కప్పులో నల్ల కాఫీ, పక్కన పాలు వేరే. ఎలా తాగాలో తెలీదు, అడగడానికి పరువు అడ్డం. చేదు కాఫీ మొత్తం తాగేసి, ఆ పైన పాలు తాగుతారు.

చిన్నపిల్లలు రాత్రి భయపడే అవకాశం ఉంది. మంత్రం రాసే సిరా కోసం కోడిని కోసే దృశ్యం ఉంది, అది చూడలేనివాళ్లు ముందే తెలుసుకోవడం మంచిది. మధ్యలో ఒక ఆడదెయ్యం శిష్యుణ్ణి వలలో వేసుకునే భాగం కాస్త సాగినట్టు ఉంటుంది.

యెస్ మేడమ్: మిషెల్ యో కోసం

2023లో ఆస్కార్ అందుకున్న మిషెల్ యో ఫైట్లు చేసిన తొలి హీరోయిన్ పాత్ర ఇది. మలేషియా అమ్మాయి, బ్యాలే నేర్చుకుంది, కుంగ్‌ఫూ కాదు. తోడుగా అమెరికన్ కరాటే క్రీడాకారిణి సింథియా రోత్‌రాక్. ఇద్దరూ పోలీసులు.

ఇందులో నవ్వు ఒక గిన్నెలో, దెబ్బ ఇంకో గిన్నెలో ఉంటాయి. నవ్వించే బాధ్యత ముగ్గురు చిల్లర దొంగలది. వాళ్ల పేర్లు యాస్పిరిన్, స్ట్రెప్సిల్, పెనడాల్. వాళ్ల సందడి చాలావరకు మాటల మీద నడుస్తుంది, అనువాదంలో సగం పోతుంది. చివరి ఫైట్‌లో మిషెల్ బాల్కనీ కమ్మీ మీద నుంచి వెనక్కి వాలి, అద్దం పగలగొట్టుకుని అవతల ఉన్న ఇద్దరి కాళ్లు పట్టి లాగిపారేసే షాట్ ఒక్కటీ చూస్తే చాలు, ఆమె పేరు ఎందుకు నిలిచిందో తెలుస్తుంది. అయితే ముగింపు నవ్వించదు, చేదుగా ఉంటుంది. కామెడీ అనుకుని పిల్లల్ని కూర్చోబెట్టకండి.

ఒక్కచోట చూస్తే

| సినిమా | నవ్వు, దెబ్బ | మాట రాకపోయినా? | పిల్లలతో | ఓపిక ఎక్కడ |
|---|---|---|---|---|
| ప్రాజెక్ట్ ఏ | సమానం, కలిసిపోయి | హాయిగా | చూడొచ్చు | మధ్యలో తుపాకుల కథ |
| పోలీస్ స్టోరీ | దెబ్బ ఎక్కువ | చాలావరకు | పదేళ్లు దాటితే | కోర్టు సీన్లు |
| వీల్స్ ఆన్ మీల్స్ | నవ్వు ముందు, దెబ్బ చివర | చాలావరకు | చూడొచ్చు | మొదటి గంట |
| మిస్టర్ వాంపైర్ | నవ్వు ఎక్కువ, భయం తోడు | పద్ధతులు తెలిస్తే చాలు | భయపడని పిల్లలైతే | ఆడదెయ్యం కథ |
| యెస్ మేడమ్ | వేరువేరుగా | కష్టం | వద్దు | దొంగల మాటలు |

వీటిని దాటి

ఐదూ చూసేసినవాళ్లకి నా ఓటు పీకింగ్ ఆపెరా బ్లూస్ (1986). సుయ్ హార్క్ తీశాడు. 1913 నాటి బీజింగ్, సైన్యాధిపతి కూతురు మగ దుస్తుల్లో తిరుగుతుంది. నాటక కంపెనీ యజమాని కూతురికి స్టేజీ ఎక్కాలని ఉంటుంది, ఆడవాళ్లకి ఎక్కే హక్కు లేదు. పోలీస్ స్టోరీలో ఆడపాత్రలు చూసి మనసు విరిగినవాళ్లకి ఇది మంచి మందు. చిత్రహింస సీన్ ఒకటి ఉంది, పెద్దలకే. ముగ్గురు స్నేహితుల్ని చివరిసారి కలిపి చూడాలంటే డ్రాగన్స్ ఫరెవర్ (1988), ఉర్కిడెజ్ మళ్లీ వస్తాడు. ఏసెస్ గో ప్లేసెస్ (1982) హాంకాంగ్‌లో పెద్ద హిట్, కానీ హీరో శామ్ హుయ్ అక్కడి పాటల స్టార్ అన్న మోజు లేకుండా చూస్తే మనకి అంత ఎక్కదు.

ఏ భాషలో చూడాలి

వీలైతే కాంటోనీస్, సబ్‌టైటిల్స్‌తో. పెదాలు మాటతో కలవడం లేదని ప్రింట్‌ని తప్పు పట్టకండి. అప్పట్లో హాంకాంగ్‌లో షూటింగప్పుడు మాట రికార్డు చేసేవాళ్లు కాదు, తర్వాత డబ్బింగ్ చెప్పేవాళ్లు, ఒక్కోసారి వేరే గొంతుతో. తెలుగు సినిమా చూసి పెరిగినవాళ్లకి ఇది పెద్ద అలవాటు మార్పు కాదు. ఇంగ్లీషు డబ్బింగ్ ప్రింట్లతో జాగ్రత్త: కొన్నింట్లో పాత్రల పేర్లు మారతాయి, కొన్నింట్లో సంగీతం మారుతుంది, సీన్లు కత్తిరించినవీ ఉన్నాయి. చదవలేని పెద్దవాళ్లు ఉంటే, డబ్బింగ్‌లో అయినా సరే, ప్రాజెక్ట్ ఏ చూపించండి.

రెండు రాత్రులు ఖాళీ ఉంటే మొదటి రోజు ప్రాజెక్ట్ ఏ, రెండో రోజు పిల్లలు ఉంటే మిస్టర్ వాంపైర్ లైట్లు వేసి, పెద్దవాళ్లే అయితే పోలీస్ స్టోరీ. ప్రాజెక్ట్ ఏ, పోలీస్ స్టోరీ అయిపోయాయని టీవీ కట్టేయకండి. పేర్లు పడుతున్నప్పుడు తప్పిన టేకులు చూపిస్తారు. అప్పటిదాకా నవ్వుతూ చూసిన మనుషుల్ని అక్కడ నలుగురు పట్టుకుని లేపుతుంటారు.